పెద్దల కంచం చూసేదెవరు?

వేటపాలెంలో జీడిపప్పు ఏరే గదిలోకి అడుగుపెడితే ముందు కనపడేవి చేతులు. గుండ్లు ఒక కుప్ప, బద్దలు ఒక కుప్ప, ముక్కలు ఇంకో కుప్ప. గింజను కాల్చడం, తొక్క పగలగొట్టడం, పొర ఒలవడం, ఏరడం, డబ్బాలకెత్తడం... ఇందులో ఎక్కువ పని ఆడవాళ్లదే. జీడి తగిలి వేళ్ల కొసలు నల్లబడి ఉంటాయి. అక్కడక్కడా చర్మం లేచిపోయి ఉంటుంది. అదే వేలితో కంటి కింది రెప్పను కాస్త కిందికి లాగి చూస్తే, లోపల ఎర్రగా ఉండాల్సిన చోటు పాలిపోయి కనిపిస్తుంది. “రక్తం తక్కువుందన్నారు” అని చెప్పేస్తారు, ఊళ్లో వానలు తక్కువున్నాయని చెప్పినంత మామూలుగా.

అలా చెప్పే ఒకామె ముందున్న కుప్పలో నూరు గ్రాములు తీస్తే అందులో దాదాపు 6 మిల్లీగ్రాముల ఇనుము, 5 మిల్లీగ్రాములకు పైగా జింకు, దాదాపు 300 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటాయి. మధ్యాహ్నం ఆమె విప్పే క్యారేజీలో మాత్రం అన్నం, చారు, ఏదో ఒక పచ్చడి, మజ్జిగ. కూర ఉంటే ఉంటుంది. పప్పు రోజూ ఉండదు. గుడ్డు ఆదివారం మాట.

ఈ ఊరికి తిండికి లోటున్న ఊరని పేరు లేదు. తూర్పున కాసేపు నడిస్తే సముద్రం. ఓడరేవులో, రామాపురంలో వలలు ఒడ్డుకొచ్చే వేళకు చేపలు. దక్షిణాన చినగంజాంలో ఉప్పు మళ్లు. వెనక గుంటూరు దాకా మిరప, పత్తి పండే నల్లరేగళ్లు. ఇళ్ల పెరళ్లలో మునగ. మరి ఇన్నిటి మధ్య ఉన్న మనిషి ఒంట్లో కొరత ఎక్కడి నుంచి వచ్చింది?

2019-21 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. అదే వయసు మగవాళ్లలో దాదాపు 16 శాతం. వేలి కొస నుంచి తీసిన చుక్కతో కొలిచిన లెక్క ఇది. నరంలోంచి తీసిన రక్తంతో కొలిస్తే కొంత తగ్గుతుందనే వాదన ఉంది. దానికి ఆధారాలూ ఉన్నాయి. కొంత తగ్గినా, చిన్న సంఖ్య అయిపోదు. పైగా ఇది ఒక్క హిమోగ్లోబిన్ లెక్క. బి12, డి విటమిన్, కాల్షియం, జింకు, ఫోలేట్ సంగతి మన ఊళ్లలో పెద్దవాళ్లకు ఎవరు కొలుస్తున్నారు?

పిల్లల కంచం చూసేవాళ్లున్నారు. బడిలో గుడ్డు, చిక్కీ, రాగిజావ. అంగన్‌వాడీలో పాలు. గర్భిణికి ఐరన్ మాత్రలు, నెలనెలా తూకం. ఇవన్నీ ఉండాల్సినవే, ఇంకా బాగా ఉండాల్సినవే. 2018లో మొదలైన ‘అనీమియా ముక్త్ భారత్’ పసిపిల్లల నుంచి బాలింతల దాకా ఆరు వర్గాలను లెక్కలోకి తీసుకుంది. పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్లకు వారానికో మాత్ర అని కాగితం మీద ఉంది. ఆ ఆరింటిలో పెద్దవాళ్లయిన మగవాళ్లు లేరు, యాభై దాటిన ఆడవాళ్లూ లేరు. ముప్ఫై అయిదేళ్ల నేతగాడు, ఇద్దరు పిల్లల్ని పెంచి పెద్దచేసిన యాభై అయిదేళ్ల తల్లి, అరవై దాటినా తాపీ పట్టుకునే మేస్త్రీ... వీళ్లు ఏం తింటున్నారో చూసేవాళ్లు లేరు. జబ్బు పడ్డాకే వాళ్లు లెక్కలోకొస్తారు.

తెల్లన్నం కథ

మన కంచంలో లోటు గురించి మాట్లాడాలంటే బియ్యం దగ్గర మొదలుపెట్టాలి. ఇది నిన్నా మొన్నటి కథ కాదు.

1835లోనే జాన్ గ్రాంట్ మాల్కంసన్ అనే వైద్యుడు మద్రాసులో బెరిబెరి మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. కాళ్లు ఉబ్బడం, తిమ్మిరెక్కి చచ్చుబడటం, చివరకు గుండె ఆగిపోవడం. ఈ జబ్బు ఉత్తర సర్కారుల్లో, అంటే మన తెలుగు కోస్తాలో పాతుకుపోయింది. పక్కనే ఉన్న తమిళ సీమలో అంతగా లేదు. రెండు చోట్లా అన్నమే తినేవాళ్లు. తేడా ధాన్యాన్ని ఆడించే తీరులో ఉంది. అక్కడ ధాన్యాన్ని ఉడకబెట్టి, ఎండబెట్టి, ఆ తర్వాత మరపట్టిస్తారు. అలా ఉడికించినప్పుడు పైపొరలో ఉన్న బి1 విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది, తర్వాత మర ఎంత నున్నగా పట్టినా కొంత మిగులుతుంది. మనకు ఉప్పుడు బియ్యం నచ్చదు. పచ్చి ధాన్యాన్నే మల్లెపువ్వులా తెల్లగా ఆడించుకుంటాం. తవుడుతో పాటే ఆ విటమినూ పోతుంది. తవుడు గేదెకు, తెల్లన్నం మనిషికి.

జావా దీవిలో క్రిస్టియన్ ఐక్‌మన్ 1890లలో కోళ్లకు పాలిష్ బియ్యం పెట్టి, అవి కాళ్లు పడిపోయి కూలబడటం చూశాడు. తవుడు కలిపిన మేత పెడితే లేచి నడిచాయి. 1912లో కాసిమిర్ ఫంక్ ఈ తవుడు మీద చేసిన పరిశోధనే విటమిన్ల శాస్త్రానికి తొలి మెట్టయింది. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ నీలగిరుల్లోని కూనూరులో ఒక చిన్న గదిలో బెరిబెరి విచారణ కేంద్రం పెట్టాడు. సరిగ్గా ఆ సంవత్సరమే వేటపాలెంలో కుర్రవాళ్లు పుస్తకాలు పోగుచేసి సారస్వత నికేతనానికి అంకురం వేశారు. ఆ గ్రంథాలయం పాత పత్రికలతో ఇవాళ దేశమంతా తెలిసిన చోటయింది. కూనూరు గది 1958లో హైదరాబాదు తరలివచ్చి, జాతీయ పోషకాహార సంస్థగా పెరిగింది. తార్నాకలో మనకు తెలిసిన ఎన్.ఐ.ఎన్. అదే.

మెక్‌కారిసన్ చేసిన ప్రయోగాల్లో ఒకటి చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. దేశంలో ఒక్కో ప్రాంతం వాళ్లు తినే తిండిని విడివిడిగా ఎలుకలకు పెట్టి పెంచాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, ఆకుకూరలు ఉన్న పంజాబు సిక్కుల తిండి తిన్నవి బలంగా, నిగనిగలాడుతూ ఎదిగాయి. అన్నిటికన్నా బక్కచిక్కినవి బియ్యమే ప్రధానంగా ఉన్న బెంగాల్, మద్రాసు తిండ్లు తిన్నవి. ఆనాడు వేటపాలెం మద్రాసు రాజధానిలోని గుంటూరు జిల్లాలో ఊరు.

మెక్‌కారిసన్ తర్వాత కూనూరుకు వచ్చిన ఎయ్‌క్రాయిడ్ నేరుగా తెలుగు కోస్తాకే వచ్చాడు. 1940లో తన బృందంతో బియ్యం సమస్య మీద పెద్ద అధ్యయనం అచ్చువేశాడు. ఆ మరుసటి ఏడు, మద్రాసు రాజధానిలోని బెరిబెరి ప్రాంతంలో పసిపిల్లల మరణాల మీద ఇంకోటి. తల్లి ఒంట్లో బి1 లేకపోతే పాలల్లోనూ ఉండదు. తల్లి కాళ్ల తిమ్మిర్లతో నడుస్తూనే ఉంటుంది, ఒళ్లోని మూడు నెలల బిడ్డ ఉన్నట్టుండి పోతుంది. దిష్టి అనుకునేవాళ్లు, గాలి అనుకునేవాళ్లు. పెద్దల కంచంలోని లోటుకు పసిబిడ్డలు ప్రాణం చెల్లించిన నేల మనది. ఈ మాట మనం మరిచిపోకూడదు.

గాంధీ 1929లో వేటపాలెం వచ్చారు. గ్రంథాలయ భవనానికి శంకుస్థాపన చేశారు. అయిదేళ్ల తర్వాత, 1934 డిసెంబరులో వార్ధాలో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం మొదలైనప్పుడు ఆయన పట్టుబట్టిన వాటిలో దంపుడు బియ్యం ఒకటి. మర బియ్యం మీద ఆయన రాసినవి చదివి ఎందరు మారారో గానీ, మరలు మాత్రం ఊరూరా వచ్చాయి.

ఇప్పుడు బెరిబెరి ఆ రూపంలో ఊళ్లమీద పడటం లేదు. మద్యానికి బానిసై తిండి మానేసిన మగవాళ్లలో, ఆగని వాంతులతో బాధపడే గర్భిణుల్లో ఆ బి1 లోపం నేటికీ ప్రాణం మీదికి తెస్తుంది. మిగతావాళ్లకు జబ్బు పేరు మారింది, తెల్లన్నం మాత్రం మారలేదు. పెద్దమనిషి రోజుకు 400 గ్రాముల తెల్ల బియ్యం వండుకు తింటే వచ్చే ఇనుము 3 మిల్లీగ్రాముల లోపే. ఎన్.ఐ.ఎన్. 2020లో చెప్పిన లెక్కలో మగవాడికి రోజుకు 19, ఆడమనిషికి 29 మిల్లీగ్రాములు కావాలి. కాల్షియం ఇద్దరికీ వెయ్యి మిల్లీగ్రాములు కావాలి, ఆ బియ్యంలో ఉండేది ముప్ఫై అటూ ఇటూ. కడుపు నిండుతుంది. లేచి నిలబడి పని చేసుకునేంత శక్తీ వస్తుంది. ఆ పైన ఒంటికి కావలసింది రాదు.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు పస్తు పడుకునే ఇళ్లలో పొయ్యి వెలిగింది. ఆ మేలు తక్కువ చేసి మాట్లాడే హక్కు కడుపునిండా తిన్నవాళ్లకు లేదు. అయితే బియ్యం చౌకైనంతగా పప్పు చౌక కాలేదు, నూనె కాలేదు, కూర కాలేదు. మెట్ట ఊళ్లలో జొన్నలు, సజ్జలు, వరిగలు వేసిన చేలల్లో పత్తి, పొగాకు, మిరప పెరిగాయి. వాటితో డబ్బు వచ్చింది. అయితే ఇంట్లో పండితే ఇంట్లో తినే తిండి కాస్తా సంతలో కొంటే తినేదైంది.

పాత జొన్నన్నం తిన్నవాళ్లకు ఏ లోటూ ఉండేది కాదని చెప్పడం కూడా సరికాదు. హైదరాబాదులో సి. గోపాలన్ బృందం 1960 ప్రాంతంలో జొన్న మీదే బతికే పేదల్లో పెల్లాగ్రాను చూసింది. ఎండ తగిలినచోట చర్మం కమిలి పొరలూడటం, విరేచనాలు, మతి చలించడం. జొన్నలో ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువవడం ఒక కారణమని వాళ్లు వాదించారు. ఏ ఒక్క గింజ మీద బతికినా లోటు తప్పదని ఆ రోగులు చూపించారు. కాబట్టి ఇవాళ ‘సిరిధాన్యాలు తింటే అన్నీ తగ్గుతాయి’ అని అమ్మేవాళ్ల మాట నమ్మి అన్నం స్థానంలో కొర్రలు పెట్టి, పక్కన అదే చారు పోసుకుంటే ఒరిగేది తక్కువ.

మగ్గం మీద, మాత్ర వెనక

వేటపాలెం మండలంలో జాండ్రపేట, దేశాయిపేట, ఇటు చీరాల, ఈపూరుపాలెం... మగ్గాల చప్పుడు వినపడే ఊళ్లు. పడుగుకు గంజి పట్టించి ఆరబెట్టడం, కండెలు చుట్టడం, ఆసు పోయడం ఇంటిల్లిపాదీ పని. గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే పొద్దు గడిచేదాకా లేవరు. కూలి గిట్టాలంటే లేవకూడదు. మధ్య మధ్య టీ. ఆ టీ గ్లాసే ఆకలిని ఆపుతుంది. అన్నంతో పాటుగానో వెంటనేనో తాగితే అదే టీ తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. టీకీ భోజనానికీ గంట ఎడం ఉంటే చాలు. ఇందులో డబ్బు ఖర్చు లేదు. కానీ ఈ మాట నేతగాడికి చెప్పిన డాక్టరు నాకింతవరకు తారసపడలేదు.

రక్తహీనత మందుల కథలో బట్ట నేసేవాళ్లకు, ఒక తెలుగువాడికి పెద్ద చోటుంది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులు రక్తం తగ్గి ప్రాణం పోగొట్టుకుంటున్నారు. ఐరన్ ఇచ్చినా కోలుకోవడం లేదు. ఆమె వాళ్ల ఇళ్లలో ఏం తింటున్నారో రాసుకుంది, కోతుల మీద ప్రయోగాలు చేసింది, కూనూరులోనూ పనిచేసింది. చివరకు మార్మైట్ అనే చౌక ఈస్టు ముద్ద పెడితే ఆ తల్లులు తేరుకున్నారని 1931లో ప్రకటించింది. ఆ ముద్దలో ఉన్న మేలు చేసే పదార్థమేమిటో అప్పటికి తెలియదు. 1941లో అమెరికాలో పాలకూర నుంచి దాన్ని తీసి, ఫోలిక్ యాసిడ్ అన్నారు. దాన్ని మనుషులందరికీ అందేలా ప్రయోగశాలలో తయారుచేసే దారి 1945 నాటికి కనిపెట్టింది లెడర్లీ కంపెనీలోని బృందం. ఆ పరిశోధనను నడిపించినవాడు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటబట్టని జబ్బు అది, రక్తం తగ్గిపోతుంది. సుబ్బారావుకూ అదే వచ్చింది. ఆచంట లక్ష్మీపతి వైద్యంతో బతికాడు. ఆ స్ప్రూకు పనిచేసే మందుల్లో ఫోలిక్ యాసిడ్ ముఖ్యమైనది. ఇవాళ ఆశా కార్యకర్త ఇంటికొచ్చి ఇచ్చే ఎర్ర మాత్రలో ఇనుముతో పాటు ఉండేది అదే. మన జిల్లాల నుంచి వెళ్లిన మనిషి పని మన ఇంటి గడప దాకా మాత్రగా తిరిగొచ్చింది. అలా వచ్చిన మాత్ర డబ్బాలో మిగిలిపోతోంది.

“మాత్రలేసుకుంటున్నావా వదినా?”

“వేసుకుంటే కడుపులో తిప్పుద్దమ్మా. దొడ్డికెళ్తే నల్లగా పోతుంది. భయమేసి ఆపేశా.”

ఈ సంభాషణ మన పల్లెల్లో ఏ వీధిలోనైనా వినపడేదే. ఆమె భయం అబద్ధం కాదు. కానీ ఐరన్ మాత్రకు విరేచనం నల్లబడటం మామూలే, అపాయం లేదు. పరగడుపున పడకపోతే ఏదైనా తిన్నాక, రాత్రి పడుకునే ముందు వేసుకోవచ్చు. పాలతో, టీతో, కాల్షియం మాత్రతో కలిపి వేసుకోకూడదు. నిమ్మరసంతో అయితే ఇంకా మంచిది. ఈ నాలుగు మాటలు చెప్పడానికి ఎవరికైనా అయిదు నిమిషాలు చాలు. ఆ అయిదు నిమిషాలు దొరకక కోట్ల మాత్రలు వృథా అవుతున్నాయి.

బలపాలు తినే పెద్దవాళ్లను చూసి నవ్వుతారు. పచ్చి బియ్యం గుప్పెళ్లకొద్దీ నమిలేవాళ్లను, వాన పడ్డాక మట్టి వాసనకు నోరూరేవాళ్లను కసురుతారు. చాలాసార్లు అది ఒంట్లో ఇనుము తగ్గిందనే గుర్తు. తిట్టే ముందు రక్తపరీక్ష చేయించాలి.

అరికాళ్ల మంటలు, ఎండ, ఉప్పు

“అరికాళ్లు మంటలమ్మా, చీమలు పాకినట్టుంది.” ఇది బి12 లోపం గుర్తు కావచ్చు. గుంటలో గంటల తరబడి కూర్చోవడం వల్ల కావచ్చు. షుగరు వల్ల కావచ్చు. మూడూ కలిసీ కావచ్చు. బి12 మొక్కల్లో ఉండదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం నుంచే రావాలి. పలచటి మజ్జిగ ఒక్కటే పోసుకునే శాకాహారికి అది చాలదు. షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో, గ్యాస్ మాత్రలు అలవాటుగా మింగేవాళ్లలో ఇది ఇంకా తగ్గుతుంది. ప్రమాదం ఒకటుంది. బి12 లోపం ఉన్న మనిషికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. అరవై దాటిన తండ్రికి మతిమరుపు, నడకలో తూలు వస్తే ‘వయసు’ అని వదిలేయకుండా ఒక్కసారి బి12 చూపించాలి.

ఎండకు ఇక్కడ కొదవ లేదు. అయినా తిరుపతి స్విమ్స్ వైద్యుడు సి.వి. హరినారాయణ్ బృందం 2007లో అచ్చువేసిన అధ్యయనంలో, మన ప్రాంతపు పల్లె, పట్నం రెండింటా ఆరోగ్యంగా కనిపించే పెద్దవాళ్లలోనే డి విటమిన్ లోపం కనబడింది. తిండిలో కాల్షియం తక్కువ. ఉన్న కాల్షియాన్ని పట్టనివ్వని ఫైటేట్లు ఎక్కువ. చర్మం మీద డి తయారయ్యేది ముఖ్యంగా ఉదయం పదకొండు నుంచి మధ్యాహ్నం రెండు మధ్య ఎండలో అని కూడా వాళ్ల తర్వాతి పని చెప్పింది. ఆ వేళకు నేతగాడు గుంటలో ఉంటాడు, జీడిపప్పు ఏరే ఆమె రేకుల కింద ఉంటుంది, బ్యాంకు గుమాస్తా ఫ్యాను కింద ఉంటాడు. వేసవిలో ఆ ఎండలో నిలబడమని ఎవరూ చెప్పలేరు. చలికాలం నాలుగు నెలలైనా రోజూ కాసేపు చేతులు, కాళ్లు ఎండకు పెట్టవచ్చు.

పశ్చిమ ప్రకాశం మెట్టల్లో నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను వంచేసిన సంగతి 1937 నుంచే వైద్యులకు తెలుసు. కాల్షియం తక్కువ తినేవాళ్లకు ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది.

ఉప్పు గురించి ఒక్క ముక్క. సముద్రపు ఉప్పులో అయోడిన్ దానంతటదే ఉంటుందని కోస్తావాళ్లకు నమ్మకం. ఉండేది నామమాత్రం, ఎండలో ఆరేటప్పటికి అదీ మిగలదు. పచ్చళ్లకు రాళ్లుప్పు వాడుకోండి, రోజువారీ వంటకు అయోడిన్ కలిపిన ఉప్పే వాడండి. 2006 నుంచి తిండికి వాడే ఉప్పులో అది కలిపి తీరాలని చట్టం.

బలం ఇంజెక్షను

నీరసంగా ఉందని చెబితే ఊళ్లో చాలాచోట్ల దొరికే వైద్యం ఒకటే. ఒక సెలైన్ సీసా, అందులో ఎర్రటి బీకాంప్లెక్స్. “బలానికి ఎక్కించుకున్నా” అంటారు. సెలైనులో ఉండేది ఉప్పు నీళ్లు. రెండు రోజుల కూలి దానికి పోతుంది. అదే డబ్బుతో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకుని, నెల రోజులు గుడ్లు కొనుక్కోవచ్చు. ఇలా చెబితే సూదులేసేవాళ్లకు కోపం వస్తుంది. వచ్చినా సరే.

పట్నంలో ఇదే జబ్బు ఇంకో రూపంలో ఉంది. మందుల షాపులో డి విటమిన్ 60,000 యూనిట్ల మాత్రలు తెచ్చుకుని, వారానికొకటి వేసుకోవలసింది రోజుకొకటి మింగేవాళ్లున్నారు. ఒంటికి రోజుకు కావాల్సింది 600 యూనిట్లు. డి, ఎ విటమిన్లు మూత్రంలో పోవు, పేరుకుంటాయి. మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. కొరత ఎంతో తెలియకుండా మింగడం కొరతంత ప్రమాదం.

బలవర్ధక బియ్యం సంగతీ చెప్పాలి. 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించాక, 2024 నాటికి ఇవి రేషన్ షాపుల దాకా వచ్చాయి. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజలుగా ఒత్తి, నూరు గింజలకు ఒకటి చొప్పున కలుపుతారు. ఆ గింజ కాస్త పసుపు రంగులో ఉంటుంది, కడిగేటప్పుడు కొన్ని తేలతాయి. “ప్లాస్టిక్ బియ్యం” అని పుకారు లేచింది. ఆడవాళ్లు చాటలో పోసుకుని ఒక్కో గింజా ఏరి పారేశారు. ముందుగా ఎవరూ వచ్చి చెప్పకపోతే ఏ తల్లయినా అదే చేస్తుంది. తిండిలో ఏం కలుపుతున్నారో తినేవాళ్లకు చెప్పడం మొదటి పని అయి ఉండాల్సింది. తలసీమియా, సికిల్ సెల్ జబ్బులున్నవాళ్లు ఇనుము కలిపినవి తినే ముందు డాక్టరును అడగాలి. ఈ మాటా ఇంటింటికీ చేరలేదు. కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము కలపాలని నిబంధన. పారేయకుండా తింటే తెల్ల బియ్యానికి కొంత ఊతమే. కానీ ఒక గింజలో మందు పెట్టి కంచమంతా అలాగే ఉంచితే సరిపోతుందని నేను నమ్మను.

కంచం దగ్గర

2024 మేలో ఎన్.ఐ.ఎన్. కొత్త ఆహార మార్గదర్శకాలిచ్చింది. ఒంటికి వచ్చే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని చెప్పింది. వేటపాలెం కంచంలో దాన్ని అమలు చేయాలంటే అన్నం కుప్పను తగ్గించి, దాని చుట్టూ ఉన్నవాటిని పెంచాలి. పప్పు రోజూ ఉండాలి. తోటకూర, పొన్నగంటి, గంగవాయిలి, గోంగూర, పెరట్లో మునగాకు. ఆషాఢంలో ఒకసారి మునగాకు వండి మిగతా పదకొండు నెలలు చెట్టుకే వదిలేస్తున్నాం. పచ్చిమిరపకాయలో సి విటమిన్ నిండుగా ఉంటుంది. హంగేరీలో సెంట్‌జార్జి 1930లలో సి విటమిన్‌ను కుప్పలుగా తీసింది మిరపజాతి కాయల నుంచే. ఎండుమిర్చిలో అది చాలావరకు పోతుంది. కాబట్టి పప్పన్నంలో పచ్చిమిర్చి కొరుక్కోవడం, నిమ్మకాయ పిండుకోవడం రుచికి మాత్రమే కాదు, ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టడానికీ పనికొస్తాయి.

ఎండు నెత్తళ్లు ముల్లుతో సహా నమిలితే కాల్షియం, బి12 రెండూ వస్తాయి. ఖరీదైన చేప పైకి ఎగుమతవుతుంది, ఈ చిన్న చేప మాత్రం ఇంకా మన సంతలోనే దొరుకుతోంది. ఉప్పు ఎక్కువ కాబట్టి బీపీ ఉన్నవాళ్లు బాగా కడిగి, తక్కువగా తినాలి. చేప తిననివాళ్లకు పెరుగు, పొట్టు తీయని నువ్వులు, రాగులు ఉన్నాయి. నూరు గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం, అదే బియ్యంలో పదికి లోపు. మాంసం తినేవాళ్లు నెలకు రెండుసార్లు కార్జం తెచ్చుకుంటే ఇనుము, బి12, ఫోలేట్ ఒకేచోట దొరుకుతాయి. గర్భిణులు మాత్రం ఎ విటమిన్ ఎక్కువవుతుంది కనుక దాన్ని తగ్గించాలి. అన్నం వార్చి గంజి పారబోయకుండా అత్తెసరు పెట్టడం, బియ్యాన్ని అయిదారుసార్లు కడగకపోవడం, ఇనప మూకుడును అటకమీంచి దింపడం కూడా పనికొస్తాయి. పెసలు, శనగలు మొలకెత్తిస్తే, ఇడ్లీపిండి పులిస్తే ఫైటేట్లు తగ్గుతాయి.

ఇదంతా చెప్పి అసలుది చెప్పకపోతే తప్పు. ఇంట్లో ఆఖరున తినేది ఆమె. మామగారు, భర్త, పిల్లలు తిన్నాక గిన్నె అడుగున మిగిలిన చారు, అడుగంటిన పప్పు, కూరలో ఊటే ఆమె వాటా. గుడ్లు నాలుగు తెస్తే, ఇంట్లో అయిదుగురుంటే, తనకు వద్దనేది ఎప్పుడూ ఆమే. నెలసరిలో పోయే రక్తం, కాన్పుల్లో పోయిన రక్తం ఆమెవి. కావలసిన ఇనుము మగవాడి కన్నా పది మిల్లీగ్రాములు ఎక్కువ. మగవాళ్లు ఈ కథనం చదువుతుంటే, ఈ రాత్రి వంట ముగిశాక గిన్నెల్లో ఏం మిగిలిందో లేచి చూడండి. అందరూ ఒకే వేళకు కూర్చుని తినే ఇంట్లో ఆమె కంచం దానంతటదే నిండుతుంది.

ఇక ప్రభుత్వం చేయాల్సింది. జీడిపప్పు షెడ్లలో, నేత సహకార సంఘాల్లో, మిరప యార్డుల్లో ఏడాదికోసారి అక్కడికే వెళ్లి పెద్దవాళ్లకు హిమోగ్లోబిన్ చూడాలి. మగవాళ్లకు కూడా. తక్కువొచ్చినవాళ్లకు ఇనుమా, బి12నా, నులిపురుగులా, మరేదైనా జబ్బా తేల్చే పరీక్ష జిల్లా ఆసుపత్రిలో ఉచితంగా ఉండాలి. రేషన్ షాపులో బియ్యంతో పాటు రాగులు, కందిపప్పు ఏడాది పొడవునా తక్కువ ధరకు ఇవ్వాలి.

అప్పటిదాకా ఎవరికి వాళ్లు చేసుకోగలిగింది ఒకటుంది. మెట్లెక్కితే ఆయాసం, ఊరికే కళ్లు తిరగడం, జుట్టు కుచ్చులుగా ఊడటం, అరికాళ్ల తిమ్మిర్లు, నడుము పీకుడు నెల దాటి ఉంటే దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి వెళ్లి రక్తం చూపించుకోండి. హిమోగ్లోబిన్ ఆడవాళ్లకు 12, మగవాళ్లకు 13 లోపు ఉంటే కారణం అడగండి. మొలల నుంచో, కడుపులో పుండు నుంచో రక్తం పోతోందేమో ముఖ్యంగా మగవాళ్లు, ముట్లుడిగిన ఆడవాళ్లు అడిగి తెలుసుకోవాలి. ఐరన్ మాత్ర మొదలుపెడితే హిమోగ్లోబిన్ మామూలుకొచ్చాక కూడా మూడు నెలలు ఆపవద్దు. ఒంటిలో నిల్వ నిండటానికి అంత కాలం పడుతుంది.